గ్వాడలూప్ నదిలో ఆరు చలికాలాలు నడిచిన తొమ్మిదడుగుల పాంటూన్

చేపల వేటకు ఒక్కరు కూర్చునే పాంటూన్ (రెండు గాలి ట్యూబుల మీద ఫ్రేము, సీటు బిగించిన పడవ) కొనేటప్పుడు అందరి చూపూ ట్యూబుల పొడవు మీద, ధర మీద ఉంటుంది. టెక్సస్‌లో కేన్యన్ డ్యామ్ దిగువన గ్వాడలూప్‌లో ఆరు చలికాలాలు వాడాక మా మాట ఇది: ముందు తెడ్లు చూడండి, అవి ఆనుకుని తిరిగే ఓర్‌లాకులు చూడండి. ప్రవాహంలో మిమ్మల్ని కాపాడేవి అవే.

పడవతో పాటు వచ్చే తెడ్లు చాలావరకు ఆరడుగులవి, రెండు ముక్కలవి. పొట్టి తెడ్డు నీళ్లలోకి నిటారుగా దిగుతుంది. అందుకే ఎంత లాగినా బలం సగం పడవను పైకి లేపడానికే పోతుంది. ఏడడుగులవి వేశాక అదే పడవ వేరే పడవలా నడిచింది. ప్లాస్టిక్ ఓర్‌లాకులు రెండో ఏడే పగుళ్లిచ్చాయి. ఇత్తడివి వేసి, నట్లు నైలాన్ పట్టు ఉన్నవి బిగించాం. అయినా అదనంగా ఒక ఓర్‌లాకు, రెండు పిన్నులు సంచిలో ఉండాల్సిందే.

నడపడం పుట్టి లాంటిది కాదు. చెట్టో రాయో ఎదురొస్తే ముక్కు దానివైపే ఉంచి, పడవను కాస్త ఏటవాలుగా తిప్పి, వెనక్కి లాగాలి. ముందుకు తోసి తప్పించుకుందామంటే వేగం పెరిగి దానికే గుద్దుకుంటారు. గ్వాడలూప్ ఒడ్డంతా సైప్రస్ వేళ్లు, పడిపోయిన కొమ్మలు. వాటి సందుల్లోంచి నీళ్లు పోతాయి, పడవ పోదు. కేన్యన్ డ్యామ్‌కి కాస్త దిగువనున్న హార్స్‌షూ ఫాల్స్‌ను పడవతో దాటే ప్రయత్నమే వద్దు. దాని కిందనుంచే మొదలుపెట్టండి.

ఇక ట్యూబులు. మాది లోపల బ్లాడర్ (గాలి నింపే పలచని సంచి), పైన జిప్ ఉన్న తొడుగు రకం. చవక, తేలిక. కానీ ఇసుక రేణువు లోపలికి చేరితే రాపిడికి సూదిమొనంత బెజ్జం పడుతుంది. ఏడాదికోసారి జిప్ తీసి, తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, బ్లాడర్ మెలిక పడకుండా పరిచి మళ్లీ ఎక్కించాలి. పేలినవన్నీ మెలిక పడ్డ చోటే పేలాయి. బ్లాడర్ లేని మందపాటి పీవీసీ ట్యూబులకు ఈ గొడవ లేదు. డబ్బు పెట్టగలిగితే అవే తీసుకోండి.

గాలి విషయంలో ఈ నది ఒక పాఠం నేర్పుతుంది. డ్యామ్ అడుగునుంచి వచ్చే నీళ్లు చల్లన, బయట ఎండ. ఒడ్డున బిగువుగా కొట్టిన ట్యూబు నీళ్లలో పెట్టగానే మెత్తబడుతుంది. పది నిమిషాలు తేలనిచ్చి మళ్లీ కొట్టాలి. మధ్యాహ్నం తిండికి ఆగి పడవను ఒడ్డుకు లాగితే మాత్రం వెంటనే కొంత గాలి వదలాలి. లేకపోతే కుట్టు విడిపోతుంది, లేదా జిప్ పోతుంది.

పెట్టె మీద 400 పౌండ్లు అని రాసి ఉంటే, మనిషి, లంగరు, ఐస్‌బాక్స్, వేడర్లు (నీళ్లలో నడవడానికి వేసుకునే తడవని ప్యాంటు) అన్నీ కలిపి 280 దాటనివ్వకండి. బరువు పెరిగితే ట్యూబులు లోతుగా మునిగి, డ్యామ్ తక్కువ నీళ్లు వదిలిన రోజు ప్రతి రాతికీ తగులుతాయి. సెకనుకు 100 ఘనపుటడుగుల లోపు వదిలితే దిగి లాక్కెళ్లడమే పని. బయల్దేరేముందు ఆ లెక్క చూసుకోండి.

లంగరు వెనక వైపు ఉంటుంది. నెమ్మదైన నీళ్లలోనే వేయాలి. వడిలో వేస్తే తాడు వెనక భాగాన్ని కిందికి లాగుతుంది, నీళ్లు పైకి ఎక్కుతాయి. తాడు చివర ముడి వేయకండి. అవసరమైతే మొత్తం జారిపోవాలి. కత్తి చేతికందేచోట ఉండాలి, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

నిజానికి ఇది కూర్చుని గాలం వేసే కుర్చీ కాదు. ట్రౌట్ ఉండే చోటుకి చేర్చే బండి. మంచి మలుపు రాగానే కంకర దిబ్బకు చేర్చి, దిగి నడిచి వేస్తేనే చేపలు బాగా పడతాయి. ఫిన్లు (నీళ్లను తన్నడానికి తొడిగే రెక్కలు) కాళ్లకు ఉంటే దిగలేరు, అందుకే నదిలో వాటిని వదిలేశాం. అయితే దిబ్బ నది గర్భంలో భాగమైతేనే దిగండి, పైగట్లు చాలావరకు ప్రైవేటు స్థలాలు.

ఇనుప ఫ్రేము గొట్టాల అతుకుల దగ్గర రంగు ఊడి తుప్పు పడుతుంది. ఇంటికొచ్చాక ఫ్రేము నిలబెట్టి లోపలి నీళ్లు కారనివ్వాలి. ట్యూబులను పూర్తిగా ఆరనిచ్చి, సగం గాలితో నీడలో ఉంచాలి.