ఎంబీఏ, టెలికాం ఎంఎస్ కలిపి చేద్దామనుకుంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

"మూడేళ్లలో రెండు పీజీలు" అని బ్రోచర్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. నేను ఆ ఒక్క ముక్కకే పడిపోయాను. ఒక పక్క ఎంబీఏ, ఇంకో పక్క టెలికమ్యూనికేషన్స్‌లో ఎంఎస్. నెట్‌వర్క్ తెలిసినవాళ్లకి బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు, బ్యాలెన్స్ షీట్ చదివేవాళ్లకి నెట్‌వర్క్ అర్థం కాదు, రెండూ వచ్చినవాళ్లు దొరకరు అని ఊదరగొట్టారు. ఆ మాట అబద్ధమని నేననను, ఇప్పటికీ నమ్ముతున్నాను. నేను మోసపోయింది చదువు దగ్గర కాదు. ఆ రెండు చదువుల్నీ కలిపే కాగితం ఒకటి ఉందనుకున్నాను, అది లేదు.

లెక్క ఇలా చెప్పారు. విడివిడిగా చేస్తే ఎంబీఏకి 54 క్రెడిట్లు, ఎంఎస్‌కి 30, మొత్తం 84. కలిపి చేస్తే 18 క్రెడిట్ల కోర్సులు రెండు డిగ్రీల్లోనూ లెక్కకొస్తాయి కాబట్టి 66తో అయిపోతుంది. ఎవరైనా ఇందులో చేరేది ఆ 18 మిగులుతాయనే కదా.

నాకు అడ్మిషన్ లెటర్ ఇంజినీరింగ్ వైపు నుంచి మాత్రమే వచ్చింది. బిజినెస్ స్కూల్ సంగతేంటని అడిగితే "అది ఊరికే ఫార్మాలిటీ, వచ్చాక అప్లై చేసుకోవచ్చు" అన్నారు. తీరా వెళ్లాక చూస్తే వేరే అప్లికేషన్, వేరే ఫీజు, వేరే ఇంటర్వ్యూ. పైగా ఎంబీఏ బ్యాచ్ ఏడాదికి ఒక్కసారే మొదలవుతుంది. సీటైతే వచ్చింది. కానీ ఈలోపు నేను నాలుగు టెలికాం కోర్సులు పూర్తి చేసేశాను. అప్పుడు బయటపడింది అసలు రూలు: బిజినెస్ స్కూల్లో చేరకముందు చదివిన కోర్సులు ఎంబీఏ లెక్కలోకి రావు. నాలుగు కోర్సులు, 12 క్రెడిట్లు, గాలికి పోయాయి. 66 కాస్తా 78 అయింది.

ఇంజినీరింగ్ ఆఫీసుకి వెళ్తే అది బిజినెస్ వాళ్ల రూలన్నారు. బిజినెస్ ఆఫీసుకి వెళ్తే మీ కోర్సుల సంగతి మీ డిపార్ట్‌మెంట్‌నే అడగండన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏంటో ఆ వారంలో నాకు బాగా అర్థమైంది.

అసలు జాయింట్ డిగ్రీ, డ్యుయల్ డిగ్రీ ఒకటి కావు. జాయింట్ అంటే మామూలుగా రెండు పక్షాలూ కలిసి ఒకే ప్రోగ్రామ్ నడిపి ఒకే డిగ్రీ ఇవ్వడం. డ్యుయల్ అంటే రెండు వేర్వేరు డిగ్రీలు, రెండు సర్టిఫికెట్లు, మధ్యలో కొన్ని ఉమ్మడి కోర్సులు. బ్రోచర్లలో నోటికొచ్చిన పేరు పెట్టేస్తారు. పేరు వదిలేసి, చివర్లో చేతికొచ్చేది ఒక కాగితమా రెండా, ఒకదాన్ని మధ్యలో వదిలేస్తే రెండోది నిలబడుతుందా అని అడగండి. మా దగ్గర నిలబడదు. ఒకటి మానేస్తే ఉమ్మడి క్రెడిట్లు రద్దు, మిగిలిన డిగ్రీకి ఆ లోటు మళ్లీ పూడ్చుకోవాలి.

ఫీజు గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. బిజినెస్ స్కూల్లో క్రెడిట్ రేటు ఎక్కువ. నేను అక్కడ చేరిన టర్మ్ నుంచి టెలికాం ల్యాబ్‌కి కూడా అదే రేటు వేశారు. డిపార్ట్‌మెంట్ మారినట్టు లెక్క కాబట్టి టెలికాం వైపు వచ్చే అసిస్టెంట్‌షిప్, అంటే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినందుకు ఇచ్చే డబ్బు, కూడా పోయింది.

డబ్బు సంగతి ఇంతే. నన్ను ఎక్కువ బాధపెట్టింది సిలబస్. నెట్‌వర్క్స్ కోర్సులో ఏటీఎం టెక్నాలజీ (డబ్బు తీసే మెషిన్ కాదు, డేటాని చిన్న చిన్న సెల్స్‌గా పంపే పాత పద్ధతి), దాని 53 బైట్ల సెల్, ఇంకో పాత డేటా పద్ధతి ఫ్రేమ్ రిలే మీద వారాలకి వారాలు గడిచాయి. 4జీ పోటీలో ఎల్‌టీఈ ముందు ఎప్పుడో ఓడిపోయిన వైమాక్స్ అనే వైర్‌లెస్ పద్ధతిని రాబోయే టెక్నాలజీ అన్నట్టు చెప్పే స్లయిడ్లు ఇంకా తిప్పుతున్నారు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 5జీకి ఇచ్చిన తొలి ప్రమాణాలు, రిలీజ్ 15, వచ్చింది 2018లో. 5జీ కోర్, అంటే నెట్‌వర్క్‌ని నడిపే నడిమి భాగం, అంతా సాఫ్ట్‌వేర్ సర్వీసులుగా మారిపోయింది. మాకు దాని మీద ఒక్క గెస్ట్ లెక్చర్. పాతదంతా పనికిరాదని కాదు. ఎన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలో తేల్చే ఎర్లాంగ్ ఫార్ములా 1917 నాటిది, ఒక లైన్ మీద ఎంత సమాచారం పంపొచ్చో చెప్పే షానన్ సిద్ధాంతం 1948 నాటిది, అవి ఎప్పటికీ చదవాల్సినవే. కానీ పునాది వేరు, పాత సామాను వేరు.

బిజినెస్ వైపు ఇంకో రకం. సబ్బుల కంపెనీల కేస్ స్టడీలు, విమానాల కంపెనీల కేస్ స్టడీలు బోలెడు. టెలికాం కేస్ స్టడీ ఒక్కటీ లేదు. లేక కాదు. 2000లో బ్రిటన్ 3జీ స్పెక్ట్రమ్ వేలంలో ఐదు లైసెన్సులకి దాదాపు 2,250 కోట్ల పౌండ్లు వచ్చాయి. అంత పోసి కొన్నది కంపెనీలకి గిట్టుబాటు అయిందా, వేలంపాట రూపకల్పన ఎలా ఉండాలి అన్నది రెండు సబ్జెక్టులూ తెలిస్తే గానీ తేలని ప్రశ్న. వేలాల సిద్ధాంతానికి పాల్ మిల్‌గ్రమ్, రాబర్ట్ విల్సన్‌లకి 2020లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. స్పెక్ట్రమ్ వేలాలు వాళ్ల పనికి పెద్ద ఉదాహరణ.

అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ సంగతి చూడండి. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే డబ్బు మామూలు ఖర్చు. దాన్ని పెట్టుబడిగా పుస్తకాల్లో చూపించి లాభాలు పెంచుకున్నారు. 2002 జూలైలో దివాలా తీశారు, అప్పటికి అమెరికాలో అదే అతిపెద్ద దివాలా. అందులో మోసం ఎక్కడుందో పట్టుకోవాలంటే అకౌంట్స్ తెలియాలి, ఆ లైన్ ఛార్జీలు ఎందుకు కట్టాలో కూడా తెలియాలి. జాయింట్ డిగ్రీ అన్నాక మొదటి టర్మ్‌లోనే చెప్పాల్సిన పాఠం ఇది. నేను సొంతంగా చదువుకున్నాను.

అంటే రెండు సబ్జెక్టులూ ఒకే క్లాసులో కలిసిన కోర్సు మొత్తం ప్రోగ్రామ్‌లో ఒక్కటి లేదు. కలిసింది బ్రోచర్ మీదే. టైమ్‌టేబుల్లో కూడా కలవలేదు. వైర్‌లెస్ ల్యాబ్ ఏడాదికి ఒకసారి, ఫైనాన్స్ కోర్ ఏడాదికి ఒకసారి, రెండూ ఒకే రోజు ఒకే గంటకి.

బ్రోచర్ మీద ఏఏసీఎస్‌బీ ముద్ర చూసి కూడా ధైర్యపడకండి. అది బిజినెస్ చదువుకి ఇచ్చే గుర్తింపు, టెలికాం సగం ఎలా ఉందో అది చెప్పదు.

చేరదామనుకుంటే ముందు రెండు వైపుల నుంచీ అడ్మిషన్ లెటర్లు చేతిలో పడనివ్వండి. ఏయే కోర్సులు ఉమ్మడిగా లెక్కేస్తారో పేర్లతో సహా ఒక షీట్ మీద రాయించి, రెండు ఆఫీసుల సంతకాలూ తీసుకోండి. "అందరికీ ఇస్తున్నాం, మీకూ ఇస్తాం" అంటే ఆగిపోండి. కోర్స్ లిస్టులో ఉన్న ప్రతి టెలికాం పేపరూ చివరిసారి ఎప్పుడు చెప్పారో అడగండి. మా లిస్టులో సగం పేపర్లు చెప్పేవాళ్లు లేక ఊరికే ఉన్నాయి. పూర్తి చేసిన ఇద్దరు సీనియర్లతో మాట్లాడండి, వాళ్లు ఎన్ని క్రెడిట్లతో బయటపడ్డారన్న ఒక్క ప్రశ్న చాలు. నేను ప్లేస్‌మెంట్ల గురించి మాత్రమే అడిగాను, నా తెలివి అంతే.

టెలికాం కంపెనీలో ఇప్పటికే పనిచేస్తూ టారిఫ్‌లు, రెగ్యులేటరీ, ప్రోడక్ట్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఈ కాంబినేషన్ నిజంగా పనికొస్తుంది. డిగ్రీ అయ్యాక ఏదో ఒకటి తగలకపోతుందా అనుకునేవాళ్లు ఒకటే చేయడం నయం.

పోయిన క్రెడిట్ల కోసం నేను పెట్టిన పిటిషన్‌కి ఏడు నెలలకి జవాబొచ్చింది. 12లో 3 క్రెడిట్లు ఒప్పుకున్నారు. మిగతా 9 కోసం ఇది నా నాలుగో ఏడాది. మొన్న కొత్త బ్యాచ్ బ్రోచర్ కంటపడితే తీసి చూశాను. ఫొటోలు మార్చారు. "మూడేళ్లలో రెండు పీజీలు" మాత్రం అలాగే ఉంది.