వైన్ పండుగకు బస్సు ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు మాకు జరిగింది చదవండి

సిడ్నీలోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లకు ఈ హెచ్చరిక. సెప్టెంబర్ దగ్గర పడుతుంటే పల్లెల్లో జరిగే వైన్, ఫుడ్ పండుగలకు "బస్సు, ఎంట్రీ, టేస్టింగ్, భోజనం అన్నీ కలిపి ఒకే రేటు" అని ఫేస్‌బుక్‌లో ప్రకటనలు మొదలవుతాయి. అలాంటి ఒకదాన్ని నమ్మి మేం 845 డాలర్లు పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి. అరవై తొమ్మిదేళ్ల మా నాన్నను రాత్రి ఎనిమిదిన్నర దాటేదాకా చలిలో రోడ్డు పక్కన నిలబెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది.

మేం వెళ్లింది మడ్జీ వైపు ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను, ఎందుకంటే ఆ ఊరివాళ్లూ పండుగ నడిపినవాళ్లూ ఏ తప్పూ చేయలేదు. తప్పంతా మధ్యలో ప్యాకేజీ అమ్మినవాడిదే.

ఆ ప్రాంతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. సిడ్నీ నుంచి మడ్జీ 260 కిలోమీటర్లు పైనే. బ్లూ మౌంటెన్స్ దాటి, లిత్‌గో మీదుగా కాజిల్‌రే హైవే ఎక్కితే మూడున్నర గంటలు పడుతుంది. 1858లో ఆడమ్ రోత్ అనే జర్మన్ రైతు అక్కడ ద్రాక్ష నాటాడు. ఇప్పుడు షిరాజ్, క్యాబర్నే సావిన్యాన్ వైన్లకు, తేనెకు, ఆలివ్ నూనెకు ఆ వైపు మంచి పేరు. మా ఇంట్లో మా ఆయన తప్ప ఎవరూ వైన్ ముట్టరు. అయినా ఎందుకు వెళ్లామంటే మా నాన్న కోసం. నాన్నది అనంతపురం దగ్గర చీనీ తోట. బోర్లు ఎండిపోయి, డ్రిప్ వేసుకుని, చెట్లను బిడ్డల్లా చూసుకున్న మనిషి. ప్రకటనలో "రైతుతో కలిసి ద్రాక్షతోటలో గంటసేపు నడక" అని ఉంది. అది చదివి వినిపించగానే నాన్న, "అయితే పోదాంలే అమ్మా, వీళ్లు నీళ్లు ఎట్లా పెడతారో చూడాల" అన్నాడు. ఈ దేశం వచ్చాక నాన్న తనంతట తాను ఒకచోటికి పోదామని అడగడం అదే మొదటిసారి.

పెద్దవాళ్లకు తలకు 189 డాలర్లు, పిల్లలకు 89. మేం నలుగురం, మా తొమ్మిదేళ్ల బాబు, మొత్తం 845. పక్కింటి అక్కా బావా కూడా వస్తామన్నారు. కార్డుతో కడితే 3 శాతం అదనం, పేఐడీతో (ఫోన్ నంబరో ఈమెయిలో కొట్టి బ్యాంకు ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే ఏమీ లేదన్నాడు ప్యాకేజీ అమ్మినవాడు. పాతిక డాలర్లు మిగులుతాయి కదా అని నేను పేఐడీతోనే పంపాను. పంపే ముందు బ్యాంకు యాప్‌లో డబ్బు అందుకునేవాళ్ల పేరు కనిపిస్తుంది. అక్కడ కంపెనీ పేరు లేదు, ఎవరో ఒక మనిషి పేరు ఉంది. చూశాను. చూసి కూడా, "ఓనరు పేరేమోలే" అనుకుని నొక్కేశాను. మీరెవరూ ఆ పని చేయకండి. అక్క మాత్రం పాయింట్లు వస్తాయని క్రెడిట్ కార్డుతో కట్టింది. ఆ తేడా ఎంత పెద్దదో తర్వాత తెలిసింది.

ప్రయాణం రోజు పొద్దున ఏడుకి పారమాటాలో బస్సు ఎక్కాలి. ఎనిమిదిన్నరకి వచ్చింది. డ్రైవర్ పాపం మంచివాడే, ఆయనకు ఈ ప్యాకేజీ గురించి ఏమీ తెలియదు. "నన్ను రాను పోను కిరాయికి పెట్టుకున్నారంతే" అన్నాడు. మా వెంట గైడ్ అంటూ ఎవరూ రాలేదు. చేరేసరికి పన్నెండు దాటింది.

గేటు దగ్గర మొదటి దెబ్బ. మా ఫోన్లలోని టికెట్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఏమీ రాలేదు. అక్కడున్న వాలంటీరు పెద్దావిడ రెండుసార్లు ప్రయత్నించి, "ఇవి మేం అమ్మినవి కావు. అయినా లోపలికి రావడానికి టికెట్ అక్కర్లేదు, పార్కులోకి ఎంట్రీ ఫ్రీ. టేస్టింగ్ కావాలంటే గ్లాసు కొనుక్కుంటే చాలు" అంది. గ్లాసు ఎంత అని అడిగితే 25 డాలర్లు. బస్సులో వచ్చిన ముప్పై మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

మాకు ముందే ఒక కవరు పోస్టులో పంపించారు. అందులో తలకు పది చొప్పున టేస్టింగ్ కూపన్లు. లేత ఊదారంగు కాగితం, మీద ద్రాక్షగుత్తి బొమ్మ, అంచులు కత్తెరతో కోసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. మా ఆయన ఒకటి తీసి మొదటి స్టాల్‌లో ఇచ్చాడు. ఆ స్టాల్ ఆయన కూపన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, తడిచేత్తో పట్టుకున్నాడేమో, ఊదా ఇంకు వేలికి అంటుకుంది. అది తుడుచుకుంటూ, "ఇంటి ప్రింటర్‌లో తీసినవిలా ఉన్నాయండీ, మాకు ఇలాంటివి ఎవరూ చెప్పలేదు" అని మెల్లగా వెనక్కి ఇచ్చాడు. ఆయన గొంతులో జాలి ఉంది. మాకేమో తల కొట్టేసినట్టయింది, మేమేదో దొంగ కూపన్లతో వచ్చినట్టు.

తర్వాత భోజనం. "పెద్ద టేబుల్ మీద మూడు రకాల వంటలు, శాకాహారులకు వేరే" అని రాశారు. అమ్మ అసలు గుడ్డు కూడా ముట్టదని ముందే మెసేజ్ పెట్టాను, "డన్" అని జవాబు వచ్చింది. పైగా "బయటి తినుబండారాలు తేకూడదు" అని మెయిల్ పంపారు. దాంతో అమ్మ తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర ఫ్రిజ్‌లోనే వదిలేసి వచ్చాం. తీరా చూస్తే పార్కు నిండా దుప్పట్లు పరుచుకుని ఇంటి డబ్బాలు విప్పుకుని తింటున్న కుటుంబాలే. బయటి మందు మాత్రం తేకూడదట, తిండికి అడ్డేమీ లేదు. మా భోజనం మాత్రం ఒక అట్టపెట్టెలో వచ్చింది: ఒక బన్ను, ఒక లెట్యూస్ ఆకు, డబ్బాలోంచి తీసిన బీట్‌రూట్ ముక్క, పక్కన హామ్. అందరికీ అదే పెట్టె. అమ్మ హామ్ తగిలిన బన్ను పక్కన పెట్టేసి, "నాకు ఆకలి లేదులేవే" అంది. పొద్దున ఆరున్నరకి కాఫీ తాగిన మనిషి. నేను స్టాళ్లన్నీ తిరిగి, ఒకచోట నూనె వేరుగా పెట్టారని కనుక్కుని బంగాళాదుంప చిప్స్ తెచ్చి పెట్టాను. రోజంతా అమ్మ తిన్నది అదే.

తోట నడక ఊసే లేదు. ఫోన్ చేస్తే రింగై ఆగిపోతోంది. నాన్న ఏమీ అనలేదు. పార్కు వెనక దారి పక్కనే ఒక తోట కంచె ఉంటే, దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అప్పుడప్పుడే మోడుల మీద చిగుళ్లు విచ్చుకుంటున్నాయి, నూగుతో, గులాబీరంగు అంచుతో. తీగ కిందుగా నల్లటి డ్రిప్ పైపు. నాన్న కంచెలోంచి చెయ్యి పెట్టి పైపును వేలితో నొక్కి చూసి, "మనదే, ఇదే లెక్క" అన్నాడు. కాసేపటికి ఆలివ్ నూనె అమ్ముకునే ఒక రైతు నాన్నను చూసి తనే వచ్చి పలకరించాడు. నేను మధ్యలో తర్జుమా చేస్తుంటే ఇద్దరూ ఇరవై నిమిషాలు నీళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ రోజు మొత్తానికి మాకు దక్కిన మంచి అదొక్కటే, దానికి ఎవరూ పైసా అడగలేదు.

అసలు నరకం సాయంత్రం. తిరుగు బస్సు ఐదింటికి అన్నారు. ఆరైంది, ఏడైంది. స్టాళ్లు సర్దేశారు, లైట్లు ఆర్పేశారు. సెప్టెంబర్ చివరంటే ఇక్కడ వసంతమే, కానీ ఆ లోతట్టు ఊళ్లలో పొద్దు గూకితే చలి ఎముకల్లోకి దిగుతుంది. నాన్నకు షుగర్. సిగ్నల్ ఒక గీత కూడా నిలబడట్లేదు. ఆ ఊరికి రైలు లేదు. లిత్‌గో దాకా ప్రభుత్వ కోచ్, అక్కడి నుంచి రైలు అన్నారు గానీ ఆ రోజుకి ఇక కోచ్ లేదు. గేటు దగ్గరి ఆ పెద్దావిడే ఇంటికి పోకుండా మాతో ఉండిపోయి, కారులోంచి దుప్పట్లు తెచ్చి అమ్మానాన్నలకు కప్పి, ఫ్లాస్కులో టీ ఇచ్చింది. ఎనిమిది ముప్పావుకి బస్సు వచ్చింది. డ్రైవర్ తలదించుకుని చెప్పాడు: అతనికి ఒకవైపు కిరాయే కట్టారట. మిగతా డబ్బు కోసం వాదించి వాదించి, చివరికి ముసలివాళ్లు ఉన్నారు కదా అని తన సొంత బాధ్యత మీద వచ్చాడట. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు డబ్బు అడిగితే "నో రీఫండ్, మా పేజీలో ముందే రాశాం" అని ఒక ముక్క జవాబు, ఆ తర్వాత బ్లాక్. వారం తిరక్కుండా ఆ పేజీ పేరే మారిపోయింది.

"నో రీఫండ్" అన్న మాటకు భయపడకండి. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, అమ్మిన సేవ చెప్పినట్టు జరగకపోతే అలా బోర్డు పెట్టి తప్పించుకోవడం కుదరదు, ఆ మాట రాయడమే తప్పు. కాకపోతే అడగడానికి ఎదుటివాడు ఎవరో తెలియాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ శాఖ ఫెయిర్ ట్రేడింగ్ వాళ్లకు 13 32 20 నంబరులో ఫోన్ చేస్తే, వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "వ్యాపారం పేరు, ఏబీఎన్ ఏంటి?" ఏబీఎన్ అంటే వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు. నా దగ్గర ఆ రెండూ లేవు. 75 డాలర్లు దాటిన ఏ కొనుగోలుకైనా అమ్మినవాడి పేరు, ఏబీఎన్ లేదా ఏసీఎన్ (కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు) ఉన్న రసీదు ఇచ్చి తీరాలని అప్పుడే తెలిసింది. మాకు ఇచ్చింది ఒక రంగుల బొమ్మ మాత్రమే. ఇలాంటి గొడవలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాలన్నా ఎవరి మీద వేయాలో రాయాలి కదా. అక్క సంగతి చూడండి: బ్యాంకుకు ఫోన్ చేసి, సేవ అందలేదని చెప్పి, ప్రకటన స్క్రీన్‌షాట్లు, అట్టపెట్టె ఫొటో పంపింది. అయిదు వారాల్లో 378 డాలర్లూ, ఆ 3 శాతంతో సహా కార్డులోకి తిరిగొచ్చాయి. నేను అదే బ్యాంకుకు వెళ్తే, "మీరే మీ చేత్తో పంపిన డబ్బు, అవతలి బ్యాంకును అడుగుతాం, అంతకు మించి మా చేతుల్లో లేదు" అన్నారు. పాతిక డాలర్లు మిగుల్చుకోబోయి 845 పోగొట్టుకున్నా.

కాబట్టి ఇలాంటి ప్యాకేజీ కనబడితే ముందు ఆ పండుగ సొంత వెబ్‌సైటుకో, ఆ ఊరి విజిటర్ సెంటర్‌కో ఫోన్ కొట్టి రెండే రెండు అడగండి: ఎంట్రీ ఎంత, ఫలానావాళ్లు మీ తరఫున అమ్ముతున్నారా. రెండు నిమిషాల పని. మేం చేసుంటే ఎంట్రీ ఫ్రీ అని అప్పుడే తెలిసేది. అమ్మేవాడి ఏబీఎన్ అడిగి, ఏబీఎన్ లుకప్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పదకొండు అంకెలు కొట్టి చూడండి, ఉచితమే. ఏ బస్సు కంపెనీయో అడిగి, ఆ కంపెనీకి నేరుగా ఫోన్ చేసి రానూ పోనూ బుకింగ్ ఉందా అని కనుక్కోండి. వ్యక్తి పేరు మీద పేఐడీ అడిగితే అక్కడితో ఆపేయండి.

వీలైతే సొంత కారులో వెళ్లండి, ఒకరు అస్సలు ముట్టకుండా ఉంటే చాలు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ వంద మిల్లీలీటర్లంటే, ఇక్కడ మందు కొలిచే లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్. టేస్టింగ్‌లో ఒక్కోసారి ముప్పై మిల్లీలీటర్లే పోసినా, పది చోట్ల తాగితే మూడు అయిపోతాయి. ఇక్కడ బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.05, పీ ప్లేట్ (కొత్త లైసెన్సు) ఉన్నవాళ్లకు సున్నా. పెద్దవాళ్లకు స్వెటరు, మందులు, పెరుగన్నం డబ్బా, అన్నీ కారులోనే ఉంటాయి. ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఆ రోజు పారమాటాలో మాతో ఆ బస్సు ఎక్కిన ముప్పై మందిలో ఇది ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. మీ ఊదారంగు కూపన్లు పారేయకండి. మీరు డబ్బు పంపిన పేఐడీ పేరు, తేదీ, మెసేజ్‌లు దాచిపెట్టండి. మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు స్కామ్‌వాచ్‌లో నేను ఫిర్యాదు నమోదు చేశాను, మీరూ చేయండి. మీలో ఎవరికైనా అతని అసలు వ్యాపారం పేరుతో రసీదు వచ్చి ఉంటే నాకు చెప్పండి, ఆ ఒక్క కాగితం ఉంటే అందరి తరఫునా ట్రిబ్యునల్‌కు నేనే వెళ్తాను.