వేప నూనెనా, కలబంద గుజ్జా: కుక్క చర్మానికి ఏది?

కుక్క గోక్కుని ఎర్రబడిన చోట చాలామంది ముందు వేప నూనె తీస్తారు. బ్యాక్టీరియా, ఫంగస్ రెండింటి మీదా దానికి కొంత పట్టుంది. కానీ నేరుగా పూస్తే చర్మం మండొచ్చు, కొబ్బరి నూనెలో బాగా పలచన చేయాలి. వాసన సరే, అసలు టెన్షన్ నాకేస్తుందని. కడుపు చెడుతుంది, కాబట్టి మెడకు కోన్ (నాకకుండా ఆపే గరాటు లాంటి పట్టీ) తప్పదు. తడి కారే పుండు మీద జిడ్డు నాకైతే నచ్చదు: వెంట్రుకలు అట్టకట్టి అడుగున చెమ్మ నిలుస్తుంది.

అక్కడ కలబందే మేలు. చల్లగా ఉంటుంది, జిడ్డుండదు. ఆకు కోయగానే కారే పసుపు పసరు మాత్రం పూర్తిగా కడిగేయాలి, అది కడుపులోకి పోతే విరేచనాలే. మంట తగ్గిస్తుంది గానీ ఇన్ఫెక్షన్‌ను లొంగదీసే బలం తక్కువ.

చీము పట్టినా, గుండ్రంగా వెంట్రుకలు రాలినా రెండూ పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించండి. తామరైతే మనకూ అంటుకుంటుంది.