గవర్నర్‌పేటలోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో: స్వతంత్ర గాయకుడి అనుభవం

భూసేకరణపై నేను రాసుకున్న పాటను విజయవాడ గవర్నర్‌పేటలోని ఈ స్టూడియోలో రెండు పూటలు రికార్డు చేశాను. డప్పు శబ్దం పగలకుండా పట్టుకోవడానికి మైకును మూడుసార్లు జరిపి, ప్రతిసారీ మళ్లీ విని, తృప్తి కలిగేవరకు వదలని ఇంజనీరు శ్రద్ధ నాకెంతో నచ్చింది. పాటలో రాజకీయం ఉందని అంతకుముందు మరొక చోట బుకింగ్ రద్దు చేశారు. ఇక్కడ ఆ ప్రశ్నే రాలేదు. అద్దె న్యాయమైనదే గానీ, దానిపై 18 శాతం జీఎస్‌టీ నాలాంటివారికి భారం. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించిన ప్రభుత్వం, గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను ప్రజల గొంతుగా మలిచిన ఈ నేలపై, ఇలాంటి గదులకు కనీసం కరెంటు రాయితీ అయినా ఇవ్వాలి. గాత్రం పాడే గది ఇరుకు. ఏసీ ఆపి పాడాలి కనుక ఎండాకాలంలో ఉదయం పూటే వెళ్లడం మంచిది.