పైనుంచి దిగే వెలుతురు: లండన్‌లో సర్ జాన్ సోన్ ఇల్లు

లండన్‌లో హోబర్న్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే విశాలమైన తోట వస్తుంది. దాని ఉత్తరపు వరుసలో 12, 13, 14 నంబర్ల ఇళ్లు మూడింటినీ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి ఒకదాని తరువాత ఒకటిగా కొని, పడగొట్టి, తన ఊహ ప్రకారం మళ్లీ కట్టుకున్నాడు. అదే నేటి సర్ జాన్ సోన్ మ్యూజియం. పాత శిల్పాలు, చిత్రాలు, పాలరాతి ముక్కలు కిక్కిరిసిన వింత ఇల్లని దీనికి పేరు. రెండుసార్లు చూశాక నాకు తోచిందేమిటంటే, అక్కడ అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆ వస్తువులను కాదు, వాటి మీద పడే వెలుతురును.

ఇది అర్థం కావాలంటే ఇంగ్లీషు పట్టణపు ఇంటికి పుట్టుకతోనే ఉన్న చిక్కు తెలియాలి. మనం మేడ పైభాగాన్ని టెర్రస్ అంటాం గాని, అక్కడ ఆ మాటకు ఉమ్మడి గోడలతో ఒకదానికొకటి అంటుకుని సాగే ఇళ్ల వరుస అని అర్థం. ఇరుపక్కలా పొరుగువారి గోడలే కనుక కిటికీలు వీధివైపు, పెరటివైపు తప్ప మరెక్కడా పెట్టడానికి వీలుండదు. నేలమాళిగలో వంటిల్లు, దాని పైన భోజనాల గది, మొదటి అంతస్తులో అతిథులను కూర్చోబెట్టే డ్రాయింగ్ రూములు, ఆపైన పడకగదులు, ఇలా ఇల్లు నిలువుగా పెరుగుతుందే తప్ప అడ్డంగా పెరగదు. లోపలికి పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. దానికి తోడు, మంటలు ఇంటి నుంచి ఇంటికి పాకకుండా 1774 నాటి భవన చట్టం కిటికీల చెక్క చట్రాలను ఇటుక గోడ వెనక్కి నెట్టించింది. ఆ కాలపు ముఖభాగాలు అంత సాదాగా, దాదాపు ముభావంగా కనిపించడానికి అదొక కారణం. సోన్ 1792లో మొదలుపెట్టి కట్టిన 12వ నంబరు ఇల్లు బయటికి అలాగే, అణకువగల ఇటుక గోడతో ఉంటుంది.

1812లో కట్టిన 13వ నంబరుకు మాత్రం ఆ అణకువ లేదు. తెల్లని పోర్ట్‌లాండ్ రాతి వరండా ఒకటి గోడ నుంచి వీధివైపు పొడుచుకు వస్తుంది. దాని మీద కోడ్ స్టోన్ అనే, కొలిమిలో కాల్చి చేసే కృత్రిమ శిలతో మలచిన ఇద్దరు గ్రీకు స్త్రీమూర్తులు నిలబడి ఉంటారు. వరండా హద్దు దాటి ముందుకు వచ్చిందని ఆ ప్రాంతపు భవన తనిఖీ అధికారి కేసు పెడితే గెలిచింది సోనే. ఇటుకల మేస్త్రీ కొడుకుగా పుట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు 45 ఏళ్లపాటు ఆస్థాన వాస్తుశిల్పిగా పనిచేసిన మనిషికి నిబంధన ఎక్కడి వరకు సాగుతుందో తెలియకపోదు.

లోపల నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఉదయపు ఫలహారాల కోసం కట్టుకున్న చిన్న గది. నాలుగు మూలలా కట్టిన షామియానా గుడ్డ గాలికి పైకి పొంగినట్టు దాని పైకప్పు పలుచని గుమ్మటంగా లేస్తుంది. అయితే ఆ గుమ్మటం ఉత్తర, దక్షిణ గోడలను తాకదు. రెండు వైపులా వదిలిన ఖాళీల పైన, కింద నిలబడినవారికి కనిపించకుండా గాజు కప్పులున్నాయి. వాటి నుంచి దిగే వెలుతురు గోడల మీదుగా జారుతుంది గనుక గది మధ్య కన్నా అంచులే ప్రకాశిస్తాయి. గుమ్మటం మూలల్లో పొదిగిన గుండ్రటి కుంభాకారపు అద్దాల్లోకి చూస్తే గదంతా, కిటికీతో, బల్లతో, మనతో సహా, అరచేతిలో ఇమిడేంత బొమ్మగా కనిపిస్తుంది. చిన్న గదిని పెద్దదిగా చూపడానికి అద్దాలు వాడటం ఎవరైనా చేసేదే. సోన్ అద్దం ఆ గదిని ఇంకా చిన్నది చేసి, ఒక్క చూపులో మొత్తం మన ముందు పెడుతుంది.

ఇంటి వెనుక భాగంలో పసుపు రంగు గాజు పలకలున్న కప్పుల నుంచి మూడు అంతస్తుల లోతుకు వెలుతురు దిగుతుంది. లండన్ మబ్బును ఇటలీ ఎండగా మార్చాలన్నది ఆయన పంతం. నేను మొదట డిసెంబరు మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, ఆ పసుపును దాదాపు చూడకుండానే బయటికి వచ్చాను, తప్పు నాదే. జూన్ ఉదయాన మళ్లీ వెళ్తే అవే పాలరాతి ముక్కలు వెన్న రంగులో కనిపించాయి. ఆ వెలుతురు అట్టడుగున చేరేచోట ఈజిప్టు రాజు మొదటి సేతి రాతి శవపేటిక ఉంది. రెండు వేల పౌండ్లు పెట్టడానికి బ్రిటిష్ మ్యూజియం వెనుకాడగా సోన్ 1824లో దాన్ని కొని, మరుసటి ఏడాది మూడు రాత్రులు దీపాల వెలుగులో అతిథులకు చూపించాడు. కాంతి లోపలికి ఇంకే రాయి కనుక దీపాలు పెట్టడంలో ఆడంబరం ఒక్కటే లేదు.

చిత్రాల గది సుమారు నాలుగు మీటర్ల చదరం ఉంటుంది, అంతే. అందులో వందకు పైగా చిత్రాలు పట్టడానికి కారణం గోడలు తలుపుల్లా తెరుచుకోవడం. సిబ్బంది ఒక్కొక్క రెక్కను తెరుస్తుంటే హోగార్త్ గీసిన ఎనిమిది చిత్రాల వరుస మాయమై వెనుక మరో పొర బయటపడుతుంది. దక్షిణపు గోడలో చివరి రెక్క కూడా తెరిచాక గోడ ఉండవలసిన చోట శూన్యం, కింద ఇంకో గది కనిపిస్తాయి. గోడ అనే మాట మీద ఉన్న నమ్మకం అక్కడ కాస్త సడలుతుంది.

వస్తువుల పక్కన వివరాల చీటీలు ఆశించకూడదు. తాను వదిలివెళ్లినట్టే ఇల్లు ఉండాలని 1833లో పార్లమెంటు చేత ప్రత్యేక చట్టమే చేయించుకున్నాడు సోన్. కొడుకుతో పడక ఇంటిని అతనికి దక్కనివ్వలేదన్నది ఆ చట్టం వెనుక కథ. దారులు ఇరుకు, పెద్ద సంచులు ద్వారం దగ్గర అప్పగించాలి, పసిపిల్లల బండితో తిరగడం కష్టం. ప్రవేశం ఉచితం. సోమ, మంగళవారాలు సెలవు. మేఘాలు లేని రోజు చూసుకుని, పొద్దున తలుపు తెరిచే వేళకు వెళ్లి, ముందు ఫలహారాల గదిలో నిలబడండి.