సంక్రాంతికి బెజవాడలో ఉండాలా, డెల్టా పల్లెకు వెళ్లాలా?

సొంత ఊరంటూ మిగలని వాళ్లు, హైదరాబాదులోనో బెంగళూరులోనో పుట్టి పెరిగిన వాళ్లు, పిల్లలకు ఒక్కసారైనా అసలైన సంక్రాంతి చూపించాలని మా వైపు రావడం ఈమధ్య ఎక్కువైంది. విజయవాడలో గది తీసుకుని చుట్టుపక్కల తిరగడం మంచిదా, తెనాలి, రేపల్లె వైపు ఏదైనా పల్లెలో దిగడం మంచిదా అని అడుగుతుంటారు. నా ఓటు పల్లెకే. అయితే దానికి ఒక షరతు ఉంది. అది కుదరకపోతే విజయవాడే నయం.

సంక్రాంతి పంట ఇంటికొచ్చిన పండుగ. ఆ పంట ఎక్కడినుంచి వచ్చిందో కంటికి కనిపించాలి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజి. వాటి కాలువలు పారిన పశ్చిమ డెల్టాలో వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో సాగుతాయి. కోతకు కొద్దిరోజుల ముందే, చేలో తడి ఆరకముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేస్తారు. అందుకే పండుగ నాటికి వెళితే వరి మోళ్ల మధ్య మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది, గట్టున కొత్త గడ్డివాములు నిలిచి ఉంటాయి. కనుమ నాడు మినుము తినాలని పెద్దలు గారెలు వండిస్తారు కదా, ఆ గారె తింటున్న పిల్లవాడికి పక్క చేలోని మొక్కను చూపించగలగడం పల్లెలోనే సాధ్యం. కొత్త బియ్యం పొంగలి, పశువుల కొట్టంలో కడిగి పసుపు, కుంకుమ పెట్టిన ఆవులు, వాకిట్లో గుమ్మడిపూలు గుచ్చిన గొబ్బెమ్మలు, ఇవన్నీ అక్కడ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. నగరంలో గొబ్బెమ్మకు పేడ కూడా కొనుక్కోవాలి.

ఇక షరతు. పల్లెలో పండుగ ఇంటి లోపల జరుగుతుంది. అక్కడ హోటలు ఉండదు, టిక్కెట్టు కొని చూసేదీ ఉండదు. సంక్రాంతి నాడు చాలా ఇళ్లలో గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వాళ్లను తలుచుకుంటారు. పరిచయం లేని వాళ్లు ఫోను పట్టుకుని ఆ గడప దగ్గర నిలబడటం మర్యాద కాదు. కాబట్టి చుట్టమో, స్నేహితుడో, ఆఫీసులో తోటివాడో, రమ్మని మనసారా పిలిచిన ఇల్లు ఒకటి ఉండాలి. ఉంటే మాత్రం భోగికి రెండు మూడు రోజుల ముందే చేరిపోండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది సరిగ్గా పండుగ నాటికి వచ్చి, సగం పోగొట్టుకుని వెళతారు. నానబెట్టిన బియ్యం తడిపిండి కొట్టించడం, బెల్లం పాకం పట్టడం, ఒకరు వత్తుతుంటే ఒకరు నూనెలో వేసి, ఇంకొకరు చెక్కల మధ్య నొక్కి నూనె పిండటం, అరిసెల పని అంతా ముందే అయిపోతుంది. తెల్లవారుజామున నెత్తిన అక్షయపాత్రతో వచ్చే హరిదాసు ధనుర్మాసమంతా తిరుగుతాడు, పండుగ దాటితే మళ్లీ ఏడాదికే.

విజయవాడ పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి. భోగి మంటలు వీధి వీధికీ వేస్తారు, ఆ తెల్లవారుజామున ఏ సందులోకి వెళ్లినా మంట చుట్టూ చోటిస్తారు, పిలుపు అక్కర్లేదు. ఉత్తరాయణ పుణ్యకాలమని దుర్గా ఘాట్‌లో స్నానాలు చేసి ఇంద్రకీలాద్రి ఎక్కేవాళ్లను చూడవచ్చు. కొండపల్లి దగ్గరే. తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కే ఇళ్లు చూసి, బొమ్మల కొలువుకు గంగిరెద్దు బొమ్మనో దశావతారాలనో తెచ్చుకోవచ్చు. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, నెలల పాప వెంట ఉంటే నేనైనా విజయవాడనే ఎంచుకుంటాను. కానీ పండుగ నాటి మధ్యాహ్నానికి నగరం ఖాళీ అవుతుంది. అందరూ ఊళ్లకు పోతారు, చిన్న మెస్సులు చాలావరకు మూతపడతాయి, జనమంతా కొత్త సినిమా ఆడే థియేటర్ల దగ్గరే ఉంటారు.

కోడిపందాల గురించి కూడా అడుగుతారు. అవి చట్టరీత్యా నేరం. కత్తి కట్టిన కోడి రక్తం పిల్లలకు చూపించి పండుగ అనడం నాకు నచ్చదు. గుంటూరు, పల్నాడు వైపు జరిగే ఎడ్ల బల ప్రదర్శన చూడండి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి విభాగాలు చేసి, ఒంగోలు జాతి జతలతో బండ లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగాయన్నదే లెక్క. ఎడ్లను కొట్టడం కనిపిస్తే మాత్రం అక్కడ ఆగకండి.

ప్రయాణం దగ్గర రెండు ఎంపికలకూ ఒకటే కష్టం. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ ఉదయమే చేసుకోవాలి. హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద భోగి ముందు రోజు బయలుదేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే గంటలు గడుస్తాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. పిలిచిన ఇంటివాళ్లు ఆ రోజు కదలనివ్వరు కూడా, తిరుగు టిక్కెట్టు ముక్కనుమకో ఆ తర్వాతకో తీసుకోండి. కొండపల్లిని ఆ మిగిలిన రోజుకు పెట్టుకుంటే సరిపోతుంది.

పల్లె ఇంటికి వెళ్లేటప్పుడు స్వీట్లు పట్టుకెళ్లకండి, వాళ్ల డబ్బాలు అరిసెలతో నిండి ఉంటాయి. పండ్లు తీసుకెళ్లండి. ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే భోగి సాయంత్రం తలమీద పోయడానికి మంచి రేగిపళ్లు, చిల్లర నాణేలు తీసుకెళ్లండి.