ప్రాస పాటలా, చింతపిక్కలా, తొలి శబ్దమా: మాట తిరగని పిల్లలకు ఏది మేలు?

"మావాడికి నాలుగేళ్లండీ, మాట స్పష్టంగా రాదు. రైమ్స్ పాడించమంటారా, చప్పట్లు కొట్టి మాటలు విడగొట్టించమంటారా, స్కూల్లో చెప్పే ఫోనిక్స్ (అక్షరానికి శబ్దం జోడించి నేర్పే పద్ధతి) చాలా?" స్పీచ్ థెరపీకి వచ్చే అమ్మానాన్నల్లో వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. మాటలోని శబ్దాలను చెవి పట్టుకోగలిగితేనే రేపు చదువు తేలికవుతుందని వాళ్లకు తెలుసు. దేంతో మొదలుపెట్టాలన్నదే టెన్షన్.

నేను ముందు చూసేది ఒక్కటే. నోరు తెరవకుండా పిల్లవాడు జవాబు ఇవ్వగలడా? "క తో మొదలయ్యే మాట చెప్పు" అని అడిగితే కాకి అని మనసులో అనుకునే "తాతి" అంటాడు. మనం తప్పనేస్తాం. తడబడింది నాలుక, చెవి కాదు. అలా నాలుగుసార్లు తప్పనిపించుకున్న పిల్లవాడు ఐదోసారి ఆటకే రాడు.

ప్రాస పాటలు పాడండి, పిల్లలకు అవంటే ప్రాణం. కానీ పాట మొత్తం అప్పజెప్పే పిల్లలు కూడా అందులో ఏ మాట దేంతో కలిసిందో గమనించరు. పైగా మన మాటలు ఆడింది, పాడింది అంటూ వాటంతట అవే ఒకేలా ముగుస్తాయి కాబట్టి చెవికి పెద్దగా పని పడదు. ప్రాసే కావాలంటే పిల్లి, బల్లి, ఆవు బొమ్మలు పెట్టి కలవనిదాన్ని వేలితో చూపించమనండి.

చింతపిక్కల ఆట నాకు ఎక్కువ ఇష్టం. మాట మనం అంటాం, ఒక్కో అక్షరానికి ఒక్కో పిక్క వాడు పెడతాడు. "రైలు పెద్ద మాటా, సీతాకోకచిలుక పెద్ద మాటా?" అంటే చాలామంది రైలే అంటారు, రైలు పొడుగు కదా! రైలుకు రెండు పిక్కలు, సీతాకోకచిలుకకు ఏడు పెట్టాక ఆ రెండు వరసలనూ మార్చి మార్చి చూస్తారు. మాట వేరు, వస్తువు వేరు అని తెలిసే క్షణం అది. పెద్ద మాటల్లో అక్షరాలు మింగేసే పిల్లలకు ఇది మరీ మంచిది. పిక్కలు నోట్లో, ముక్కులో పెట్టుకునే పిల్లలైతే సీసా మూతలు వాడండి.

అయితే కొన్ని వారాలకు మించి అక్కడే ఆగొద్దు. తెలుగు, కన్నడలాంటి అక్షరాల లిపితో చదివే పిల్లలకు అక్షరం త్వరగా అందుతుంది, దాని లోపలి శబ్దం ఆలస్యంగా అందుతుంది. కన్నడ పిల్లల మీద పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో చూపించింది ఇదే. అందుకే కాకి, కుక్క, కోడి మూడూ ఒకే శబ్దంతో మొదలవుతాయని వినిపించాలి. కా, కు, కో వేరువేరుగా ఉన్నా మొదట్లో ఉన్నది ఒకటే. ఇందుకు పిల్లవాడికి పలకని శబ్దాన్నే ఎంచుకుంటాను, పక్కన ఆ అక్షరం కూడా చూపిస్తాను. న్యూజిలాండ్‌లో పరిశోధకురాలు గెయిల్ గిల్లన్ మాట సమస్యలున్న 3, 4 ఏళ్ల పిల్లలతో ఇలాగే ఉచ్చారణ, శబ్దం, అక్షరం కలిపి పని చేసి 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు, అయినా ఈ పద్ధతి మనకూ పనికొస్తుందని నా నమ్మకం.

యాప్‌లు పక్కన మనిషి కూర్చుంటే పర్వాలేదు. నాలుగేళ్లకే అ ఆలు దిద్దించడం చేతికి పని, చెవికి కాదు.

మొన్న ఒక బాబు ముందు రెండు డబ్బాలు పెట్టాను, ఒకటి కాకి ఇల్లు, ఇంకొకటి తాళం ఇల్లు. గోల్కొండ ఫొటో ఇచ్చి "కోట ఎవరింటికి వెళ్తుంది?" అన్నాను. "తోట" అన్నాడు, వేసింది మాత్రం కాకి ఇంట్లో. వాళ్లమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ శబ్దం వాడి చెవికి అందింది, ఇక నాలుకతోనే పని. అదే తాళం ఇంట్లో వేసి ఉంటే ముందు వినడం దగ్గరే ఇంకొన్నాళ్లు కూర్చునేవాళ్లం.

వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ ఆటలన్నిటికంటే ముందు అది చేయించండి.